పరీక్షనుకుని పీకించిన సీలింగు

ఎవరి సాయమూ లేకుండా, కేవలం సొంత తెలివితో, ఒక్క పొద్దుటిపూటలో ఒక పరీక్షనీ, ఒక సీలింగునీ, ఒక పెద్దమనిషి పరువునీ కలిపి ముంచగలిగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. జర్మనీలో, హానోవర్‌లో, లాక్‌డౌన్ రెండో చలికాలంలో జరిగిందీ ఘనకార్యం. చదివి నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా మీద జాలి మాత్రం పడకండి. జాలిపడాల్సిన మనిషి ఇందులో వేరే ఉన్నాడు.

ముందు అప్పటి నన్ను పరిచయం చేస్తాను. మాది గుడివాడ. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ సెక్షన్లో ఆరేళ్లు పనిచేశాను. కాలిపోయిన దుకాణాలు, మునిగిన గోదాములు, సొట్టలు పడ్డ లారీలు నా చేతుల మీదుగా వెళ్లాయి. అంటే వాటి ఫైళ్లు వెళ్లాయి. నేను ఏ గోదాము గుమ్మమూ తొక్కి ఎరగను. కానీ నేను చెబుతుంటే వినేవాళ్లకి, వరదలో పడవేసుకుని వెళ్లి బస్తాలు లెక్కపెట్టింది నేనే అనిపించేది. అలా అనిపించేలాగే చెప్పేదాన్ని.

మా ఆయన సురేందర్‌ది హన్మకొండ. ఆయన బ్లూ కార్డు ఉద్యోగ వీసా వెనకాల హానోవర్ వచ్చి నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. ఆ నాలుగేళ్లలో నేను సాధించింది బి-టూ స్థాయి జర్మన్. పాసైన రోజు నుంచీ నాలో ఒక జబ్బు మొదలైంది. జర్మన్ వాళ్లు ఏమన్నా, అర్థమైనా కాకపోయినా, "మళ్లీ చెబుతారా?" అని అడగడం మానేశాను. బి-టూ పాసైన మనిషి మళ్లీ అడగడమేంటి, నామోషీ కాదూ? గంభీరంగా తలాడించి "యా, యా" అనేసేదాన్ని. అలా "యా" అన్న పాపానికి ఒకసారి మాకు అక్కర్లేని పత్రికకి ఏడాది చందా కట్టాం. ఇంకోసారి బేకరీలో మూడు కిలోల రొట్టె మోసుకొచ్చాను. అయినా బుద్ధి రాలేదు.

హానోవర్ తెలుగు వాట్సాప్ గ్రూపులో నేను క్లెయిముల అక్కయ్యని. ఎవరింట్లో వాషింగ్ మెషీన్ కారినా, ఎవరి పిల్లాడు పక్కింటివాళ్ల కిటికీ పగలగొట్టినా "ఉమక్కా, ఏం చెయ్యమంటారు?" అని మెసేజీ వచ్చేది. నేను వేదం చెప్పినట్టు చెప్పేదాన్ని. అందులో సగం హైదరాబాద్ రూల్సు. ఇక్కడ చెల్లుతాయో లేదో ఆ దేవుడికే తెలియాలి.

అలాంటి నాకు ఒక చిన్న బ్రోకరు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. క్లెయిములు చూసే పని. కాకపోతే ఈ దేశంలో లైసెన్సు లేకుండా జనాల ఇన్సూరెన్సు వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు. దానికో పరీక్ష. ముందు రాతపరీక్ష, ఆ తర్వాత మాటల పరీక్ష. మాటల పరీక్షలో పరీక్షకుల్లో ఒకరు కస్టమరుగా నటిస్తారు, మనం ఆ కస్టమరుతో నిజమైన కేసులాగే మాట్లాడాలి. రాతపరీక్ష పాసయ్యాను. ఇంకేముంది, రెండోది పాసైపోయినట్టే అనుకుని గ్రూపులో లడ్డూల ఫోటో కూడా పెట్టేశాను.

పరీక్ష ముందురోజు సాయంత్రం మా ఆయన్ని సోఫాలో కుదేసి ప్రాక్టీసు మొదలుపెట్టాను.

"మీరు కస్టమరు. ఇంట్లో పైపు పగిలింది. కోపంగా ఉన్నారు. కానివ్వండి."

"పైపు పలిగితె ప్లంబర్‌ను పిలుస్త. కోపమెందుకే?"

"పరీక్షలో కస్టమర్లకి కోపం ఉంటుంది. తెచ్చుకోండి."

"సరే. ఏయ్, నా సోఫా మొత్తం ఖరాబైంది. ఏం జేస్తరో చెప్పుండ్రి!"

"మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతోందండీ."

"నీకేం సమజైతది? సోఫా నాది గద!"

"అబ్బా, అది పుస్తకంలో వాక్యం. ముందు సానుభూతి చూపిస్తే మార్కులు వేస్తారు."

"అట్లనా? మరి పొద్దుగాల నాకు నడుం పట్టిందంటె ఈ వాక్యం చెప్పకపోతివి?"

ఆయన నడుంకి మార్కులు లేవు కనుక ఆ మాట పట్టించుకోలేదు. చివర్లో ఆయన ఒక్క ముక్క చెప్పాడు. "ఒకటి విను. ఆడ ఏమన్న సమజ్ గాకుంటె మళ్ల అడుగు. అడిగితె ఏం పోదు."

"నాకు అర్థం కాని జర్మన్ ఇంకా పుట్టలేదు," అన్నాను.

మర్నాడు ఉదయం పుట్టింది.

కోవిడ్ దూరాల కోసం పరీక్షని ఆఫీసులో కాకుండా మూతపడిన ఒక వృత్తి విద్యా స్కూల్లో పెట్టారు. ఒక పెద్ద ఖాళీ ఆవరణ, చుట్టూ ఎ, బి, సి, డి అని నాలుగు బ్లాకులు. గేటు దగ్గర ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేశారు. నేల మీద బాణాలు అంటించారు. బాణాల వెంట వెళ్తే ఒక గది. అక్కడ ప్లాస్టిక్ తెర వెనక కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు కేసు కాగితం చదువుకోమన్నారు. కాగితంలో ఏముందయ్యా అంటే: ఒక సంస్థ భవనంలో నీళ్ల పైపు పగిలింది. అక్కడి ఉద్యోగి తీవ్రమైన ఆందోళనలో ఉన్నాడు. అతనితో మాట్లాడి, నష్టం తెలుసుకుని, తగిన సలహా ఇవ్వండి.

సమయం కాగానే ఒకావిడ వచ్చింది. కొంగముక్కులా పొడుచుకొచ్చిన మాస్కు, దాని ముందు ప్లాస్టిక్ తెర, దానికి అవతల రెండు మీటర్ల దూరం. అక్కణ్నుంచి నా గది నంబరు చెప్పింది. "ఫియర్ట్సేన్" అన్నది స్పష్టంగా వినబడింది, పద్నాలుగు. దాని ముందున్న అక్షరం "బే" (మన బి) అయినా అయ్యుండాలి, "డే" (మన డి) అయినా అయ్యుండాలి. మాస్కులో రెండూ ఒకటే, కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు. ఏ మనిషైనా "బి ఆ, డి ఆ?" అని అడుగుతుంది. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదని చిన్నప్పట్నుంచీ విన్నదాన్నే. కానీ బి-టూ పాసైన మనిషికి అమ్మ అడక్కుండానే పెట్టాలి కదా!

"యా, యా," అన్నాను. డి బ్లాకుకి నడిచాను.

నేల మీద బాణాలన్నీ బి వైపు చూపిస్తున్నాయి. అవి మిగతా అభ్యర్థుల కోసం అనుకున్నాను. ఆవరణలో మంచు తొక్కుకుంటూ వెళ్తే, డి బ్లాకు తలుపు ఒక చెక్కముక్క అడ్డం పెట్టి తీసి ఉంది. లోపల చీకటి, చలి, నరమానవుడు లేడు. తెలివైన మనిషికి ఇక్కడైనా అనుమానం రావాలి. నాకు భక్తిభావం వచ్చింది. పరీక్షంటే ఇలా ప్రశాంతంగా ఉండాలి అనుకున్నాను.

పద్నాలుగో గదిలో ఒకాయన నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. నీలం రంగు పని దుస్తులు, మాస్కు పక్కనుంచి బయటికొచ్చిన తెల్ల మీసం. చుట్టూ బకెట్లు. సీలింగు పలకలు తడిసి గర్భిణుల్లా ఉబ్బి ఉన్నాయి. మధ్యలోంచి టప్ టప్ మని బకెట్లో నీళ్లు.

నాకు కళ్లు చెమర్చాయి. మన దగ్గర పరీక్ష హాల్లో ఫ్యాను తిరిగితే గొప్ప. ఇక్కడ చూడండి, నీటి నష్టం కేసని నిజంగానే సీలింగు తడిపి పెట్టారు! వేషానికి తగ్గ బట్టలు! జర్మన్ వాళ్లు ఏం చేసినా పద్ధతిగా చేస్తారు అనుకున్నాను.

"నీటి నష్టం గురించి వచ్చానండీ," అన్నాను.

"ఎండ్లిష్!" అన్నాడాయన. ఎట్టకేలకు వచ్చారా అని. "మూడు రోజులుగా మీ వాళ్లకి ఫోన్లు చేస్తున్నాను!"

ఏం నటన! మొదటి మాటకే కోపం. మా ఆయన ఈయన దగ్గర ఆర్నెల్లు నేర్చుకోవాలి అనుకున్నాను.

ఇక్కడ ఇంకో చిన్న విషయం. పరీక్ష ఉత్తరంలో "మిగతా పరీక్షకులు తగిన దూరం నుంచి గమనిస్తారు" అని ఉంది. గదిలో ఎవరూ లేరు. తలుపు పైన గోడకి గుండ్రంగా తెల్లటి డబ్బా, దాని మధ్యలో మిణుకుమంటూ ఎర్ర దీపం. ఓహో, కెమెరా! దానికేసి తిరిగి తల వంచి నమస్కారం చేశాను. ఆ పెద్దాయన నన్నూ, డబ్బానీ మార్చి మార్చి చూశాడు.

"మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతోంది," అని పుస్తకం విప్పాను.

"మీకేం అర్థమవుతుంది? బకెట్లు మోస్తున్నది నేను."

అచ్చం మా ఆయన అన్నట్టే అన్నాడు. అంటే సిలబస్ ప్రకారమే వెళ్తున్నాం. ధైర్యం వచ్చింది. పేరడిగాను. బ్రింక్‌మన్ అన్నాడు. ఈ స్కూలుకి హౌస్‌మైస్టర్ అన్నాడు, అంటే భవనం బాగోగులన్నీ చూసుకునే మనిషి. ఎలా జరిగిందని అడిగాను.

ఆయన గొంతు తగ్గింది. "పిల్లలు లేరని ఈ బ్లాకుకి వేడి బాగా తగ్గించమన్నారు. చలికి పైపు పగిలింది. శుక్రవారం వచ్చి చూడాల్సింది నేను. మా ఆవిడకి జ్వరమొస్తే టెస్టుకి తీసుకెళ్లాను, ఇటు రాలేదు. సోమవారం వచ్చేసరికి ఇదీ పరిస్థితి. ముప్పై ఏళ్లలో ఒక్క కుళాయి కారనివ్వలేదు నేను. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాను. పోతూ పోతూ ఈ మాట పడాలా?"

ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రావడం లేదు. చెప్పి తీరాలి కనుక చెబుతున్నాను. "సేర్ గుట్," అన్నాను. చాలా బాగుంది అని!

ఆయన చెయ్యి కళ్ల దగ్గరే ఆగిపోయింది. "ఏం బాగుంది?"

తడబడ్డాను. "అంటే... మీరు దాచకుండా చెప్పడం."

"దాచి ఏం చేసుకుంటాను," అన్నాడు మెల్లగా. ఆ మాటతో నా మీద ఆయనకి నమ్మకం కుదిరింది. అనుమానం పెనుభూతం అంటారు కానీ, నమ్మకం దాని పెద్దక్క.

తర్వాత డాక్యుమెంటేషన్. దానికి చాలా మార్కులు. సంచీలోంచి కుట్టుపని టేపు తీశాను. ఆయన ఒక కొన పట్టుకున్నాడు, నేనొక కొన. గది పొడవు, వెడల్పు కొలిచాను. ఏ పలక ఎంత తడిసిందో, పైపు ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తోందో, నేల మీద నీళ్లు ఎంతదూరం పాకాయో బొమ్మ గీసి, టైము వేసి, ఒక్కోదాని పక్కన రాశాను. డబ్బాకి కనిపించేలా కాగితం ఎత్తి చూపించాను. ఆ సమయంలో ఒక నీటిచుక్క నా పాపిట్లో పడింది. "చాలా సహజంగా ఉంది," అన్నాను మెచ్చుకోలుగా.

"ఏది?"

"ఈ తడి."

"తడి కదండీ. తడిగానే ఉంటుంది," అన్నాడు బ్రింక్‌మన్ అయోమయంగా.

చివరికి అసలు సంగతి అడిగాడు. "ఈ పలకలు ఊగుతున్నాయి. ఎవరి నెత్తినైనా పడేలా ఉన్నాయి. మీరొచ్చి చూసేదాకా దేన్నీ ముట్టుకోవద్దని ఫోన్లో గట్టిగా చెప్పారు. ఇప్పుడు పీకెయ్యనా?"

పీకకూడదు. ఆ మాట నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఫోటోలు తీసి, తేమ కొలిచి, కంపెనీ సరేనన్నాకే దేన్నైనా కదపాలి. కానీ ఇది నాటకం కదా, ఆయన నిజంగా పీకుతాడా ఏమన్నానా! పైగా పుస్తకంలో "ప్రాణహాని ఉన్నచోట సత్వర నిర్ణయం తీసుకోవాలి" అని ఉంది. సత్వరంగా తీసుకున్నాను.

"పీకెయ్యండి."

"రాసిస్తారా?"

"ఎందుకివ్వను?" అని కాగితం చింపి, "డి పద్నాలుగులో సీలింగు తొలగించవచ్చు" అని రాసి, కింద ఉమా గుండవరపు అని తోక తిప్పి మరీ సంతకం చేశాను.

ఆయన ఆ కాగితాన్ని మడిచి గుండెజేబులో పెట్టుకున్నాడు. మూలనున్న గడ్డపార తీశాడు. నిచ్చెనెక్కాడు. ధన్! మొదటి పలక నేల మీద పడింది. దాంతోపాటు చలి ఆపడానికి పైన పరిచిన దూది తడిసి మూటలు మూటలుగా రాలింది.

నేను గుమ్మంలోకి జరిగి చూస్తూ నిలబడ్డాను. రెండో పలక. మూడోది. ఇప్పుడైనా ఈ మనిషికి బుర్ర పనిచెయ్యాలి కదా అని మీరు అనుకుంటున్నారు. ఏం పనిచెయ్యదండీ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నవాడు నయం, కనీసం వాడి చేతిలో కుందేలుంది. "పరీక్ష ఫీజు ఊరికే అంత పెట్టలేదు" అని మెచ్చుకుంటున్నాను నేను.

నాలుగో పలక పడుతుండగా వెనక నుంచి ఒక గొంతు. "ఇక్కడ ఏం జరుగుతోంది?"

పొడుగ్గా ఒక మనిషి, చేతిలో పెట్టె. "నేను ఇన్సూరెన్సు నుంచి వచ్చాను. నీటి నష్టం చూడ్డానికి."

నాకు వెంటనే వెలిగింది. తొమ్మిదో అధ్యాయం! మోసగాళ్లని గుర్తించడం! ఒక కేసులో రెండో పరీక్ష దాచిపెట్టారన్నమాట. నాతోనా వీళ్ల ఆటలు!

"మీరు కాదు," అన్నాను. "ఇన్సూరెన్సు నుంచి వచ్చింది నేను."

"మీరా? ఏ కంపెనీ?"

కేసు కాగితంలో కంపెనీ పేరు లేదు. "ఆ వివరం మీకు చెప్పాల్సిన పని లేదు. ముందు మీ గుర్తింపు కార్డు చూపించండి."

"కార్లో ఉంది."

"అలాగా! కార్లో ఉందా!" అని డబ్బాకేసి తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేశాను.

ఆ మనిషి కూడా డబ్బా వైపు చూశాడు. తర్వాత రాలిన పలకల వైపు చూశాడు. "హెర్ బ్రింక్‌మన్ మీరేనా? ఏమీ ముట్టుకోవద్దని చెప్పాం కదా. ఎవరు పీకమన్నారు?"

"ఈవిడ. రాసిచ్చారు," అని బ్రింక్‌మన్ నిచ్చెన మీంచే జేబు తట్టి చూపించాడు.

"ఎందుకు పీకమన్నారు మీరు?" అని ఆయన నా మీదికి తిరిగాడు.

"తడిసింది కనుక. హెర్ బ్రింక్‌మన్, ఈయన్ని పోనివ్వకండి. ఈయన మోసగాడు."

బ్రింక్‌మన్ నన్ను నమ్మాడు. మూడు రోజుల్లో ఆయన గోడు విన్నది నేనొక్కదాన్నే మరి. నిచ్చెన దిగి గడ్డపారతో సహా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఆ వచ్చినాయన పెట్టెని గుండెలకి హత్తుకున్నాడు. "పోలీసుల్ని పిలుస్తాను," అన్నాడు.

"పిలవండి. అందరికీ మంచిది," అన్నాను నేను. ఆ క్షణంలో నా అంతటి ధీరవనిత జర్మనీలో లేదు.

పోలీసులు రాలేదు. మంచులో నా అడుగుల గుర్తులు పట్టుకుని చకచకా నడుచుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. మెడలో పరీక్షకుల కార్డు. బ్రింక్‌మన్ భుజం మీంచి లోపలికి చూసి, కాగితంలో పేరు కూడబలుక్కుంది. "ఫ్రౌ గుండ... గుండవ... గుండవరపు?"

"నేనేనండీ."

"నా పేరు లుడ్విగ్. బి పద్నాలుగులో అరగంటకు పైగా మీకోసం కూర్చున్నాం. కోపంగా ఉన్న కస్టమరుగా నేను నటించాల్సి ఉంది." ఆవిడ బూట్ల మీది మంచు దులిపింది. "ఇప్పుడు నటించక్కర్లేదు."

నా కాళ్ల కింద నేల తడిగా ఉందని అప్పుడే తెలిసింది. "మరి... ఆ కెమెరా?" అన్నాను.

"అది పొగ అలారం," అంది ఫ్రౌ లుడ్విగ్.

బ్రింక్‌మన్ గడ్డపార దించాడు. నన్ను చూశాడు. "అయితే మీరెవరు?"

అరిచినా బాగుండేది. చాలా నెమ్మదిగా అడిగాడు.

"పరీక్ష రాయడానికి వచ్చానండీ. ఇదే పరీక్షనుకున్నాను. మిమ్మల్ని... నటిస్తున్నారనుకున్నాను."

ఆయన గుండెజేబులోంచి నా కాగితం తీశాడు. విప్పి చూశాడు. "అయితే ఇది చెల్లదు."

"చెల్లదు."

ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కారుతున్న సీలింగుకి సలహా ఇచ్చి ఉన్న సీలింగు ఊడగొట్టాను. అదొక్కటే అయితే సరిపోయేది. కళ్లనీళ్లు పెట్టుకున్న పెద్దమనిషికి "చాలా బాగుంది" అని మార్కులు వేశాను చూడండి, అదీ నా అసలు ఘనత.

ఇన్సూరెన్సు ఆయన కోపంగా గది అంతా తిరిగాడు. "చూడ్డానికి ఏం మిగిలింది ఇక్కడ? నష్టం ఎంతో, ఏది ముందే పాడైందో, ఏది పీకడం వల్ల పాడైందో, నేనేమని రాయాలి?"

అప్పుడు నా చేతిలో బొమ్మ గుర్తొచ్చింది. ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. కొలతలు సరిచూశాడు. మిగిలిన పలకల్ని దాంతో పోల్చుకున్నాడు.

"ఇది పీకకముందు గీశారా?"

"అవునండీ. మార్కుల కోసం."

"ఈ బొమ్మ బాగుంది," అన్నాడు. "మిగతాదంతా ఘోరం."

అక్కడే కూర్చుని, తప్పంతా నాదేననీ, బ్రింక్‌మన్ నన్ను ఇన్సూరెన్సు మనిషిననుకుని అనుమతి అడిగే పీకాడనీ రెండు పేజీలు రాసిచ్చాను. అంత కుదురుగా జర్మన్ నా జన్మలో రాయలేదు. నేను రాస్తుంటే బ్రింక్‌మన్ లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్లాడు. "శుక్రవారం నేను వచ్చి చూడలేదు. ఈవిడకి చెప్పాను. మీకూ చెబుతున్నాను," అన్నాడు. ఇన్సూరెన్సు ఆయన పెట్టెలోంచి పెన్ను తీశాడు. "వేడి తగ్గించమని చెప్పిందెవరు? ఆ కాగితం ఉందా?" అని అడిగాడు. ఉందన్నాడు బ్రింక్‌మన్. "అయితే ముందు అది తీసుకురండి."

నా పరీక్ష ఫలితం "హాజరు కాలేదు." ఆవరణలో గంటసేపు అంత హడావిడి చేసిన మనిషి హాజరు కాలేదట!

ఇంటికి వెళ్లేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమైంది? పాసైనవా?"

"సీలింగు పోయింది."

"ఏ సీలింగే?"

చెప్పాను. మొత్తం వినేదాకా ఓపిగ్గా ఉన్నాడు. "నువ్వు పొగ అలారంకు దండం పెట్టినవా?" అని అడిగి, సోఫాలో పడి దొర్లాడు. నడుంనొప్పి ఎటు పోయిందో! ఏడేళ్ల మా స్నిగ్ధ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "మమా, దస్ ఇస్ట్ జో పైన్‌లిష్," అంది. ఎంత సిగ్గుచేటమ్మా అని. తెలుగులో తిట్టమన్నా తిట్టదు ఆ పిల్ల, పరువు తీసేటప్పుడు మాత్రం జర్మన్ భలే వస్తుంది.

బ్రోకరాఫీసు ఆవిడకి ఫోన్ చేసి నిజం చెప్పాను. "ఇంకొక్క అవకాశం ఇస్తాను. ఈసారి కూడా ఏదైనా పీకితే మాత్రం కుదరదు," అంది.

వసంతంలో మళ్లీ పరీక్ష. అదే స్కూలు. గేటు దగ్గర బ్రింక్‌మన్ నిలబడి ఉన్నాడు! క్లెయిము ఆమోదించారట. మాట పడకుండానే రిటైరయ్యాడట. కొత్తగా వచ్చిన హౌస్‌మైస్టర్‌కి బ్లాకులు చూపించడానికి వచ్చాడట ఆరోజు. నన్ను చూసి మీసం కదిలింది. "ఏ గది?" అన్నాడు.

"బి తొమ్మిది."

"కచ్చితంగానా?"

"మూడుసార్లు అడిగాను."

"అయినా నేనే తీసుకెళ్తాను," అని రెండు మీటర్ల దూరంలో ముందు నడిచి, గది తలుపు తెరిచి, లోపలివాళ్లతో "సీలింగు జాగ్రత్త," అని చెప్పి వెళ్లాడు. కస్టమరుగా కూర్చున్నాయన నోరు తెరవబోతే, "ఆగండి, ముందు మీ గుర్తింపు కార్డు," అన్నాను. ఆయన కోటు జేబులన్నీ వెతికి చూపించేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. పాసయ్యాను.

ఇక్కడితో ఆపేస్తే గౌరవంగా ఉండేది. కానీ ఈ దేశంలో లైసెన్సు తెచ్చుకుంటే సరిపోదు, నిలబెట్టుకోవాలి. ఏడాదికి పదిహేను గంటలు శిక్షణ తరగతుల్లో కూర్చోవాలి. అప్పట్లో అన్నీ ఆన్‌లైనే. మరుసటి ఏడాది ఒక తరగతిలో, కెమెరా ముందు బుద్ధిగా కూర్చుని కింద చిక్కుళ్లు వలుస్తున్నాను. చెప్పే ఆయన మధ్యలో ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "ఈ ప్రాంతంలోనే జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఒక అభ్యర్థిని, పరీక్షనుకుని, నిజమైన సీలింగుని..."

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, గట్టిగానే. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన జాలిగా ముగించాడు. "పాపం, ఆ విదేశీ మహిళకి జర్మన్ రాదు. అదీ సమస్య."

సీలింగు ఊడగొట్టానంటే పడతాను. మనిషిని ఏడిపించానంటే పడతాను. జర్మన్ రాదంటే ఎలా పడతానండీ? మైకు ఆన్ చేశాను.

"క్షమించాలి. ఆవిడకి జర్మన్ బాగా వచ్చు. బి-టూ పాసైంది. మాస్కులోంచి బి, డి ఒకేలా వినిపించాయి, అంతే."

తెర మీది గళ్లలో నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆయన నా గడి దగ్గరికి వంగి ఏదో అడిగాడు. సరిగ్గా అప్పుడే నెట్ తెగింది. "ఫ్రౌ గుండవ... క్రర్ర్... మీరే... క్రర్ర్... మాకందరికీ... క్రర్ర్... చెయ్యగలరా?"

అర్థం కాలేదు. మళ్లీ అడగాలి. అడగాలని నాకు తెలుసు. కానీ బి-టూ పాసైందని నోటితో అని ఇంకా నిమిషం కాలేదు కదా!

"యా, యా! నటూర్లిష్!" అన్నాను. తప్పకుండా అని.

తెర నిండా చప్పట్ల బొమ్మలు లేచాయి. పక్కగదిలోంచి మా ఆయన తొంగిచూశాడు. "ఏమడిగిండు?"

"ఏదో మంచి మాటే."

మర్నాడు మెయిలొచ్చింది. "ఆ అభ్యర్థి మీరేనని ధైర్యంగా ఒప్పుకుని, ఇకపై ప్రతి ఏడాదీ మా శిక్షణలో ఆ అనుభవాన్ని స్వయంగా గంటన్నరసేపు వివరించడానికి అంగీకరించినందుకు మా హృదయపూర్వక ధన్యవాదాలు."

అందుచేత, పాఠక మహాశయులారా, ముక్కోటి దేవతల సాక్షిగా, చేతిలో నీళ్లు పట్టుకుని (బకెట్లోవి కావు, కుళాయివి) ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ మనిషి ఏ భాషలో ఏం చెప్పినా, అర్థం కాకపోతే సిగ్గు విడిచి మళ్లీ అడుగుతాను. రెండోసారీ అర్థం కాకపోతే మూడోసారి అడుగుతాను. ఈ ప్రమాణం వచ్చే ఏడాది నుంచి అమలు. ఈ ఏడాదికి ఇంకో మెయిలు కూడా వచ్చింది. పోయినవారం ఫోన్లో ఎవరికో "యా, యా" అన్నానట, పక్క ఊరు బ్రెమెన్‌లో కూడా ఇదే కథ చెప్పాలట.